ఫైలు నాడాకి లాంచి ముడి

ఆస్పత్రి ల్యాబ్ నుంచి

పేరు తెలియని అబ్బాయికి,

రికార్డుల ఆఫీసు కౌంటర్లో ఉండే ఆయన నీ నంబరిచ్చారు. "ఫోన్ చెయ్యకమ్మా, ఎత్తడు. సిగ్గెక్కువ. మెసేజ్ పెట్టు" అన్నారు. అందుకే ఇలా. చిన్నవాడివని ఆయనే చెప్పారు, నువ్వు అంటున్నా. ఏమనుకోకు.

నేను వేరే ఊళ్ళో ఉంటాను. రక్తం పరీక్షలు చేసే పని. శనివారం సెలవు దొరికితే రైలెక్కి ఆ ఆఫీసుకొస్తాను. వచ్చినప్పుడల్లా ఒకటే మాట. "ఆ ఫైలు వేరే వాళ్ళ పేరు మీద పక్కన పెట్టి ఉందమ్మా." ఓడరేవులో సర్కారు లాంచి నడిపిన డ్రైవర్ ఫైలు. నువ్వు వారం వారం వచ్చి చూసుకుంటున్నంత కాలం అది నీ అరలోనే ఉంటుందట. రూలట. నువ్వేమో ఒక్క మంగళవారం కూడా మానవట.

ఆ లాంచి డ్రైవర్ మా అమ్మమ్మకి నాన్న. వయసులో ఎలా ఉండేవాడో మా ఇంట్లో ఎవరూ చూళ్ళేదు. ఫైల్లో ఫోటో ఉంటుందన్నారు. నీ పనెప్పుడవుతుంది? ఒక్క శనివారం వదిలితే చాలు.

పైన చోటు ఎందుకు రాశానంటావా? ఎక్కడి నుంచి రాస్తున్నామో రాయకపోతే అది ఉత్తరమే కాదని మా అమ్మమ్మ రూలు. ఫోన్లో రాసినా సరే.

*

పార్సిల్ ఆఫీసు, తూకం మిషన్ పక్క నుంచి

మేడం గారికి,

మీరు చోటు రాశారు కాబట్టి నేనూ రాశాను.

మీరు పొరపాటు పడ్డారండి. ఆ లాంచి డ్రైవర్ మా ముత్తాత. అంటే మా తాతయ్యకి నాన్న. ఆయనకి ఒక్కడే కొడుకు, మా తాతయ్య. కూతుళ్ళు లేరు. మా తాతయ్య ఇంకా బడికి కూడా వెళ్ళని వయసులో లాంచి తిరగబడి ఆయన నీళ్ళలో పోయాడు. మీది వేరే డ్రైవర్ అయ్యుంటాడు. కౌంటరాయన్ని మళ్ళీ అడగండి.

నా పని అవ్వలేదు. ఎప్పుడవుతుందో తెలీదు.

*

రైలు కిటికీ పక్క నుంచి

కోపం అబ్బాయికి,

నీళ్ళలో పోయిన మనిషి మా అమ్మమ్మకి సైకిల్ ఎలా నేర్పాడు?

నేను అడిగాను. కౌంటరాయన నీ స్లిప్పూ నా స్లిప్పూ పక్కపక్కన పెట్టి చూపించారు. పేరు ఒకటే. ఆయన తండ్రి పేరు ఒకటే. ఫైలు నంబరు ఒకటే. ఆయనకీ అర్థమైనట్టుంది, "మీరూ మీరూ మాట్లాడుకోండమ్మా, నన్ను లాగొద్దు" అని కళ్ళజోడు తుడుచుకుంటూ కూర్చున్నారు.

మా ముత్తాత ముసలాడై, మా ఇంట్లో మంచం మీద పోయాడు. అమ్మమ్మకి ఎర్ర సైకిల్ కొనిచ్చి, సీటు వెనక పట్టుకుని వీధంతా పరిగెత్తాడట. వానొస్తుందని గాలి వాసన చూసి చెప్పేవాడట. మా దగ్గరికి రాకముందు ఆయన బతుకేంటో మాకు తెలీదు, చెప్పేవాడు కాదు.

నేను గొడవకి రాలేదు. ఆయన ముసలితనం ఫోటో ఒకటి నా ఫోన్లో ఉంది. పంపనా? చూస్తే నీకే తెలుస్తుంది.

*

పార్సిల్ ఆఫీసు నుంచి

పంపొద్దు.

*

అదే పార్సిల్ ఆఫీసు, గోడౌన్ లోపలి నుంచి

మేడం గారికి,

పంపొద్దని మళ్ళీ చెప్తున్నా. నాకు అక్కర్లేదు.

మీకేమండీ. మీకు మనిషే ఉన్నాడు. అన్నం తిన్నాడు, దగ్గాడు, సైకిల్ వెనకాల పరిగెత్తాడు. మా తాతయ్యకి ఏముంది? రెండంటే రెండు ఉన్నాయి. ఒకటి ముడి. లాంచిని గట్టుకి కట్టే ముడి. వాళ్ళ నాన్న ఒళ్ళో కూర్చోబెట్టుకుని నేర్పాడట. ఎంత లాగితే అంత బిగుస్తుంది. కొస ఎక్కడుందో తెలిసినవాడు ఒక్క వేలితో విప్పేస్తాడు, తెలియనివాడు పళ్ళు పెట్టి పీక్కోవాల్సిందే. తాతయ్య నాకు నేర్పాడు. నేను పార్సిళ్ళన్నిటికీ అదే వేస్తా. మా ఓనర్ తిడతాడు, "కట్టావా పాతిపెట్టావారా" అని.

రెండోది పేరు. బుడంకాయ్. తాతయ్యని వాళ్ళ నాన్న అలాగే పిలిచేవాడు. లాంచి మీద నుంచే కేకేసేవాడట, ఇంకా ఒడ్డుకి రాకముందే. మా తాతయ్యకి ఇప్పుడు ముఖం గుర్తుకు రావట్లేదు. "గొంతు ఉందిరా, ముఖమే చెరిగిపోతోంది" అన్నాడు. అందుకే నన్ను ఆ ఆఫీసుకి పంపాడు. నేను తప్ప తాతయ్యకి ఇంకెవరూ లేరు. మా నాన్న లారీ మీద ఎప్పుడూ ఊళ్ళే. నాకూ తాతయ్యే.

మీ అమ్మమ్మకి సైకిల్ నేర్పాడు, సరే. బుడంకాయ్ అని పిలిచాడా? లేదుగా. అది మాదే.

ఫోటో ఉందో లేదో నాకు తెలీదు. ఇంకా అంత దూరం చదవలేదు.

*

ఆస్పత్రి ల్యాబ్ నుంచి

అబ్బాయికి,

సరే. నిదానంగా చదువుకో. ఆ ఫైళ్ళలో భాష పెద్దవాళ్ళకే అర్థం కాదు. కావాలంటే ఒకరోజు నేనొచ్చి చదివిపెడతాను.

*

పార్సిల్ ఆఫీసు నుంచి

మేడం గారికి,

నాకు చదవటం వచ్చు. మీ సాయం అక్కర్లేదు.

బుడంకాయ్ గురించి అడిగాను. జవాబు చెప్పలేదు మీరు.

*

రికార్డుల ఆఫీసు మెట్ల మీద నుంచి

ముడి మాస్టారికి,

నీకు ఇవాళ కౌంటరాయన ఎన్నిసార్లు ఫోన్ చేశారో చూసుకున్నావా? ఎత్తవు కదా. అయితే విను ఏం జరిగిందో.

పై ఆఫీసరు తనిఖీకొచ్చాడు. అరల్లో పక్కన పెట్టిన ఫైళ్ళన్నీ తీసి, పేజీలు సరిగ్గా ఉన్నాయో లేదో చూడాలన్నాడు. అన్నీ విప్పారు. నీ ఫైలు నాడా మాత్రం రాలేదు. కౌంటరాయన గోళ్ళతో గీకారు. అటెండర్ పెన్ను మూత దూర్చాడు. ఆఫీసరు, "ఇది ఫైలా, బియ్యం మూటా? ఎవరు కట్టారిది?" అని అరిచాడు. "మంగళవారం అబ్బాయండీ. నేను కడతానంటే పోన్లే పాపం అని ఊరుకున్నా" అన్నారు మీ కౌంటరాయన, ముఖం చిన్నది చేసుకుని. "కత్తెర తెండి" అన్నాడు ఆఫీసరు.

నేను బెంచీ మీద కూర్చునున్నాను, ఎప్పట్లాగే ఖాళీ చేతుల్తో. "కోయకండి సార్, ఒక్కసారి ఇవ్వండి" అన్నాను. కొస ఎక్కడుందో నా వేలికి తెలుసు. లాగాను. వచ్చేసింది.

మా ఇంట్లో కిటికీ తెరలకి, మందుల పెట్టెకి, నా చిన్నప్పటి జడకి, అన్నిటికీ అదే ముడి. అమ్మమ్మ నేర్పింది. అమ్మమ్మకి ఎవరు నేర్పారో చెప్పాలా?

ఇంకొకటి. ఫోటో ఉందో లేదో తెలీదన్నావు. మొదటి పేజీలోనే ఉందిగా మాస్టారూ! అట్ట తియ్యగానే. ఎందుకు అబద్ధం చెప్పావు?

నేను ఆ ఒక్క పేజీ చూసి మూసేశాను. మిగతాది నీ పేరు మీదున్న ఫైలు, నేను ముట్టుకోలేదు. మళ్ళీ ముడి వేసి పెట్టాను. మంగళవారం చూసుకో.

*

రికార్డుల ఆఫీసు, సైకిల్ స్టాండ్ నుంచి

మేడం గారికి,

చూశాను. మీరు వేసిన ముడి కొస ఎడమవైపుంది. మా తాతయ్యది కూడా ఎడమవైపే. నాది ఎప్పుడూ కుడికే వస్తుంది, ఎంత నేర్పినా. అంటే మీ ముడి నా ముడికంటే మా తాతయ్య ముడిలా ఉంది. నాకెంత మండిందో మీకు తెలీదు. అక్కడే కూర్చుని విప్పి మళ్ళీ నా ముడి వేశాను. కౌంటరాయన చూసి, "బాబూ, నీకు దండం పెడతా, మామూలు ముడి వెయ్యరా" అన్నాడు. వెయ్యలేదు.

అవును, ఫోటో మొదటిరోజే చూశాను.

నేను ఏడో క్లాసులో మానేశాను. ఆ ఫైల్లో మాటలు నాకు కొరుకుడు పడవు. అక్షరం అక్షరం కూడుకుని చదివేసరికి మొదటి మాట మర్చిపోతా. కానీ అంకెలు వచ్చు. ఏటా యూనిఫాం తీసుకున్నట్టు సంతకం ఉంది. మా తాతయ్య చెప్పిన ఆ లాంచి తిరగబడ్డ ఏడాది తర్వాత కూడా ఉంది. ఆ తర్వాతా ఉంది. చచ్చిపోయిన మనిషి ఏటేటా కొత్త యూనిఫాం కుట్టించుకున్నాడు. ఊరి పేరు మాత్రం మారింది. అది మీ ఊరు అయ్యుంటుంది.

మంగళవారం సాయంత్రం ఇంటికెళ్ళగానే తాతయ్య గుమ్మంలోనే అడుగుతాడు, "దొరికాడా?" అని. "ఇంకా లేదు తాతయ్యా" అంటా. ముఖం చూపిస్తే మిగతాది కూడా చెప్పాలి. మీ నాన్న పోలేదు తాతయ్యా, నిన్నొదిలేసి పోయాడు అని చెప్పాలి. ఎలా చెప్పమంటారు? ఫైలు నా అరలో ఉన్నంతకాలం ఆయన మా లాంచి డ్రైవరే. మీ చేతికొస్తే మీ ముత్తాత అయిపోతాడు.

అందుకే వదల్లేదు. ఇప్పుడు కూడా వదలను.

మీరు మాత్రం బుడంకాయ్ గురించి ఇంకా చెప్పలేదు.

*

ఇంటి డాబా మీద, ఆరేసిన బట్టల మధ్య నుంచి

తమ్ముడికి,

తమ్ముడు అనేశాను. వరసలు లెక్కేసుకుంటే అదే అవుతావు. తిట్టుకుంటే తిట్టుకో.

నువ్వు బుడంకాయ్ అని రాసిన రోజు నా చేతిలో సీసా జారిపోయింది. ఎవరిదో రక్తం నేల మీద. మా మేడం నన్ను చీవాట్లు పెట్టింది. అప్పుడే నీకు చెప్పాల్సింది. చెప్పలేకపోయాను, ఎందుకంటే చెబితే మా అమ్మమ్మ ఓడిపోతుంది.

ఆయన మా అమ్మమ్మని కూడా బుడంకాయ్ అనే పిలిచాడు. పుట్టినప్పటి నుంచీ. ఆగు, ఫోన్ విసిరెయ్యకు. పూర్తిగా చదువు.

అమ్మమ్మ అది తన పేరే అనుకుంది. పెళ్ళై పిల్లలున్నాక కూడా ఆయన అలా పిలిస్తే పరిగెత్తేది. ఆయన చివరి జ్వరంలో ఉన్నప్పుడు "బుడంకాయ్, బుడంకాయ్" అని కేకేశాడట, ఎవరో చాలా దూరంలో ఉన్నట్టు. అమ్మమ్మ మంచినీళ్ళు పట్టుకుని వెళ్ళింది. ఆయన చూసి, "నువ్వు కాదమ్మా. వాణ్ణి పిలు" అన్నాడు.

వాణ్ణి. మా ఇంట్లో అప్పుడు మగపిల్లలే లేరు.

ఆయన పోయాడు. ఆ "వాడు" ఎవడో తెలీక అమ్మమ్మ ఇన్నేళ్ళూ కుళ్ళుకుంటూనే ఉంది. నేను ఫోటో కోసం అని రాశాను కదా, అది సగమే నిజం. "వాడెవడో చూసి రావే. నా పేరు ఎవడిదగ్గర్నుంచి తెచ్చి నాకిచ్చాడో చూసి రా" అని నన్ను పంపింది. మంచం పక్కన కూర్చుంది, మందులు తాగించింది, అన్నీ చేసింది అమ్మమ్మ. పిలుపు మాత్రం ఇంకెవరికో వెళ్ళింది. నీకు సైకిల్ మీద కుళ్ళు. మాకు మీ తాతయ్య మీద కుళ్ళు. ఆయన నవ్వగా అమ్మమ్మ ఎప్పుడూ చూళ్ళేదట, తెలుసా?

అమ్మమ్మకి ఇంకా చెప్పలేదు. నువ్వు చెప్పమంటేనే చెప్తాను.

*

ఇంటి మెట్ల మీద నుంచి

మీకు,

చాలారోజులు జవాబు ఇవ్వలేదు. ఫోన్ విసిరేశాను నిజంగానే, పరుపు మీదకి. మా తాతయ్య పేరు కూడా తీసుకెళ్ళి మీకిచ్చేశాడా అని. తర్వాత "వాణ్ణి పిలు" దగ్గరికొచ్చి ఆగిపోయాను.

ఇవాళ తాతయ్యకి చెప్పేశాను. నోటితో రాలేదు. పక్కనే కూర్చుని తాతయ్య ఫోన్‌కి మెసేజ్ పెట్టాను. మీరు రాసిందంతా, నేను చూసిందంతా. తాతయ్య విరిగిన కుర్చీకి తాడు కడుతున్నాడు. ఫోన్ మోగితే తీసి చూసి, "ఎవడో పెద్ద భారతం పంపాడు. కళ్ళజోడు ఎక్కడ పెట్టానో. నువ్వు చదువు" అని నా చేతికిచ్చాడు. ఇంక చూసుకోండి నా పరిస్థితి. నేను పంపింది నేనే బయటికి చదవాల్సొచ్చింది.

తాతయ్య మళ్ళీ తాడు అందుకున్నాడు. కుర్చీ కట్టటం అయ్యాక అడిగాడు.

"సైకిలా? ఏ సైకిలు?"

"ఎర్రదట తాతయ్యా."

"నాకు ఇప్పటికీ సైకిల్ రాదు."

లోపలికి వెళ్ళి మంచినీళ్ళు తాగొచ్చాడు. "మా అమ్మ ఆయన చొక్కాలన్నీ చింపి మసిగుడ్డలు చేసిందిరా. పోయినవాడి చొక్కాలు ఎవరైనా అలా చేస్తారా? అప్పుడే అడగాల్సింది. అడగలేదు. నీళ్ళలో పోయాడంటేనే నాకు బాగుండేది" అన్నాడు.

మళ్ళీ కాసేపటికి, "చివరిది ఇంకోసారి చదువు" అన్నాడు. వాణ్ణి పిలు. చదివాను. "మళ్ళీ చదువు." చదివాను. ఇంక లెక్కలేదు, చదివిస్తూనే ఉన్నాడు. నా గొంతు పోయింది.

చివరికి అన్నాడు, "ఆవిడ నీకు అమ్మమ్మ వరస అవుతుంది. రమ్మను. ఆ ఫైలు ఇద్దరం కలిసి చూస్తాం. కానీ ముందు నేను చూస్తా. అది చెప్పు."

చెప్పాను. ముందు తాతయ్యే చూస్తాడు.

*

ఆస్పత్రి ల్యాబ్ నుంచి

తమ్ముడికి,

శనివారం నాకు డ్యూటీ పడింది, మార్చమంటే ఎవరూ మార్చలేదు. అమ్మ అమ్మమ్మని రైలెక్కించి పంపుతుంది. నువ్వు స్టేషన్‌కి వెళ్ళు. సిగ్గుపడి స్తంభం వెనక దాక్కోకు. ఆకుపచ్చ సంచి ఉంటుంది, దానికి ముడి ఉంటుంది. ఇంకేం చెప్పక్కర్లేదు.

అమ్మమ్మకి చెప్పాను. మూడు పూటలు నాతో మాట్లాడలేదు. తర్వాత, "ముందు ఆయన చూస్తాట్టా? చూడనీ. నేను ఇన్నేళ్ళు చూశానుగా" అంది. అని వెళ్ళి కొత్త చీర ఇస్త్రీ చేసుకుంది.

జాగ్రత్త. ఇద్దరికీ కోపమెక్కువ.

*

రికార్డుల ఆఫీసు మెట్ల మీద నుంచి

అక్కకి,

అమ్మమ్మ ఇంకా లోపలే ఉంది. ఇంటికొచ్చి తను చెప్పేలోపు నేనే చెప్పేయాలి, అందుకే గబగబా రాస్తున్నా.

స్తంభం వెనకే ఉన్నాను. అమ్మమ్మే వచ్చి నా భుజం మీద తట్టి, "ముడి మాస్టారువి నువ్వేనా? ఇంత బక్కగా ఉన్నావు, అంత గట్టిగా ఎలా కట్టావురా?" అంది. సంచి నాకివ్వలేదు, తనే మోసుకుంది.

తాతయ్య ముందే వచ్చి బల్ల దగ్గర కూర్చున్నాడు. ఇద్దరూ ఒకర్నొకరు చూసుకోలేదు. బావున్నారా అంటే బావున్నారా. అంతే. కౌంటరాయన ఫైలు తెచ్చి మధ్యలో పెట్టాడు. నా ముడే ఉంది దాని మీద.

ఇద్దరి చేతులూ ఒకేసారి వెళ్ళాయి.

"నేను విప్పుతా. నాకు మా నాన్న నేర్పిన ముడి" అన్నాడు తాతయ్య.

"నాకు మాత్రం పక్కింటివాళ్ళు నేర్పారా?" అంది అమ్మమ్మ.

"నాకు ముందు నేర్పాడు."

"నాకు తర్వాత నేర్పాడు. అప్పటికి బాగా నేర్పటం వచ్చుంటుంది."

కౌంటరాయన, "ఎవరో ఒకరు విప్పండి తల్లీ, మధ్యాహ్నం మూసేస్తాం" అన్నాడు. అమ్మమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. "సరే, మాటంటే మాటే. ముందు మీరే" అంది. తాతయ్య విప్పాడు. ఒక్క వేలితో.

అట్ట తీశాడు. ఫోటో చూశాడు. ఇంకాస్త దగ్గరికి వంగాడు. నాకు భయమేసింది, ముఖం గుర్తు రాలేదేమో అని. అప్పుడు ఫోటోలో చెవి మీద వేలు పెట్టాడు. "ఈ చెవి పట్టుకునే భుజాల మీద కూర్చునేవాణ్ణి. ఈయనే. ఈయనేరా" అన్నాడు. అని ఫైలు అమ్మమ్మ వైపు తిప్పాడు.

అమ్మమ్మ కళ్ళజోడు పెట్టుకుని చూసింది. తీసేసి చూసింది. ఫైలు మళ్ళీ తాతయ్య వైపే తోసేసింది.

"ఈయన్ని నేనెరగను అన్నయ్యా" అంది. "ఈయన నవ్వుతున్నాడు. మా ఇంట్లో ఉన్నాయన ఎప్పుడూ ఇలా నవ్వలేదు. ఎంత అల్లరి చేసినా, ఎన్ని మార్కులొచ్చినా. ఈయన మొత్తం నీకే వచ్చాడు."

అని కిటికీ వైపు తిరిగిపోయింది. నేనింతకాలం అనుకుంటూ వచ్చింది మీకే అంతా దక్కిందని. అమ్మమ్మ వీపు చూస్తే నాకెలాగో అయిపోయింది అక్కా.

తాతయ్య ఫైలు మూశాడు. తాడు కట్టలేదు. కుర్చీ జరుపుకుని అమ్మమ్మ పక్కకి వెళ్ళాడు.

"బుడంకాయ్" అన్నాడు, మెల్లగా. "నీకొచ్చినాయన ఎలా ఉండేవాడు? ముసలాడయ్యాక. నాకది తెలీదుగా. చూపించు."

"గోడ మీదుంది ఫోటో. దించబోతే మేకుతో సహా ఊడొచ్చేలా ఉంది, వదిలేశా. మనవరాలి ఫోన్లో ఉంది. మీవాడికి పంపనా అంటే వద్దన్నాట్టగా" అంది.

తాతయ్య నా వంక చూశాడు. కౌంటరాయన కూడా చూశాడు, మధ్యలో ఆయనకెందుకో. లోపల ఫోన్ తియ్యనివ్వరు కదా, అందుకే మెట్ల మీదకొచ్చాను. "తెచ్చేదాకా లోపలికి రాకు" అన్నాడు తాతయ్య. లోపల అమ్మమ్మ సైకిల్ కథ మొదలెట్టింది, ఇక్కడిదాకా వినపడుతోంది. తాతయ్య నా దగ్గర అంత గట్టిగా ఎప్పుడూ నవ్వలేదు. మండుతోంది కొంచెం.

నేను ఆ రోజు పంపొద్దన్నా కదా అక్కా.

పంపు.